హిల్డా ఇంట్లో ఎర్ర దీపం

మా గ్రిమ్స్‌బీ రేవులో రోప్ వీధి చివరింటి పేరెత్తితే, తుఫానులో పడవ నడిపినవాళ్లు కూడా మాట మార్చేస్తారు. చలికాలం నాలుగింటికే చీకటి పడుతుంది కదా... ఆ వేళ వెనకసందులోంచి పోయేవాళ్లు ఆ ఇంటి దగ్గరకి రాగానే అడుగులు పెద్దవి చేస్తారు. పిల్లలైతే సరేసరి, ఒకటే పరుగు.

కారణం హిల్డా. ఒంటరి ముసలమ్మ. గ్యాసు ఖర్చుకు భయపడి, ఓ గడ్డు చలికాలంలో హీటరు వెలిగించకుండా వంటింటి కుర్చీలో కోటు తొడుక్కుని కూర్చుంది. అలాగే బిగుసుకుపోయింది. గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు మావి, పక్కింట్లో తుమ్మితే వినిపిస్తుంది. అయినా ఒక్కరూ వెళ్లి తలుపు తట్టలేదు. తర్వాత మాత్రం అందరూ పూలు తెచ్చారు.

ఆ మరుసటేడు నుంచి మేడమీద వెనకగది కిటికీలో ఎర్రటి వెలుగు కనిపించసాగింది. మంచు పట్టి కప్పులన్నీ తెల్లబడ్డ రోజున కూడా, ఆ గది పైన పెంకులు తడిగా నల్లగా ఉండేవి. ముసల్ది ఇన్నాళ్లకి పొయ్యి రాజేసుకుందన్నారు. ఆ వేడి చాలక, దారిన పోయేవాళ్ల మెడ మీద చెయ్యి పెడుతుందన్నారు. ఆ ఇల్లు కొన్న రస్ అనే అతను కూడా అందులో ఉండటానికి జడిసి, పెళ్లాంతో వేరే వీధిలో ఉంటున్నాడని చెప్పుకునేవాళ్లు.

రస్ జడిసే రకం కాదు. ఆ వెలుగు అతను పెట్టిందే. అతని దగ్గర డోరిస్ అని ఓ కొండచిలువ ఉంది, ఇద్దరు మనుషులంత పొడుగు. పాము ఉన్న ఇంట్లో నేనుండనని పెళ్లాం తెగేసి చెబితే, చవగ్గా వచ్చిన ఈ దెయ్యాలకొంప డోరిస్ కోసం కొన్నాడు. దెయ్యం పేరు చెబితే దొంగలు రారని ఆ కథని పెరగనిచ్చాడు కూడా.

ఈ సంగతి తెలిసిన రెండోవాడు అతని తమ్ముడు గ్లెన్. రస్ సముద్రం మీద చమురు తోడే చోట పని చేస్తాడు, వెళ్తే వారాలకి గానీ రాడు. అతను లేనప్పుడు డోరిస్‌ని చూసుకునేది గ్లెనే. జరిగిందంతా గ్లెన్ చెబితేనే విన్నాను... చెప్పినంతసేపూ వాడు తల ఎత్తలేదు.

ఆ వెనకగది మహా చల్లన. కిటికీ అద్దానికి లోపలివైపే మంచు పేరుకుంటుంది. రస్ ఓ పాత చెక్కబీరువా తెచ్చి, గోడవైపంతా థర్మాకోల్ పలకలు దట్టించి, ముందు అద్దం తలుపు పెట్టాడు. ఒక మూల ఇనుపజాలీ వెనక హీటరు, ఎర్ర బల్బు. ఇంకో మూల నీళ్ల తొట్టి. వేడి ఎక్కువైతే ఆపడానికీ, తగ్గితే వెలిగించడానికీ ఓ చిన్న పెట్టె. అన్నీ బాగానే అమర్చాడు గానీ, ఆ పాతగదిలో గోడకి ఉన్న సాకెట్టు ఒక్కటే.

రస్ సముద్రం మీదున్న ఓ వారం మొదట్లో, పట్టపగలు, గ్లెన్ తొట్టిలో నీళ్లు మార్చడానికి వెళ్లాడు. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఒక్క నిమిషమే కదా అని డోరిస్ బీరువా ప్లగ్గు పీకి, తన చిన్న ఫ్యాన్‌హీటరు పెట్టుకున్నాడు. ఒళ్లు వెచ్చబడింది. పని అయింది. తన హీటరు చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

డోరిస్ ప్లగ్గు నేల మీదే ఉండిపోయింది.

రెండ్రోజులాగి పొద్దున్నే మళ్లీ వెళ్లేసరికి బీరువాలో డోరిస్ కర్రలా బిగిసి ఉంది. తట్టాడు... చలనం లేదు. నాలుక బయటికి రాలేదు.

పాముల క్లబ్బులో కొత్తగా చేరినవాళ్లకి పాఠం చెప్పేది ఈ గ్లెనే. "చల్లబడ్డ పాము చచ్చిన పాములాగే ఉంటుంది. మెల్లగా వెచ్చ చేసి చూడందే పోయిందనుకోవద్దు" అని నెలనెలా చెప్పే నోరే. ఆ పూట అది చెయ్యలేదు. చెయ్యాలంటే ఆ ప్లగ్గు చేతిలోకి తీసుకోవాలి. అది నేల మీద ఎందుకుందో ఒప్పుకోవాలి. వాడికి సిగ్గేసింది, భయమేసింది, ఎలాగోలా అది కంటికి కనపడకుండా పోతే చాలనిపించింది.

పాతిపెడదామంటే నేల రాయిలా గడ్డకట్టింది. దుప్పటిలో చుట్టి, మెట్ల మీంచి ఈడ్చి, పెరట్లో బొగ్గుల కొట్టంలో పెట్టి తలుపు వేశాడు. ముసలితనం వల్ల పోయిందని రస్‌కి చెబుదామనుకున్నాడు.

ఆ సాయంత్రమే చిప్స్ కొట్టుకి వెళ్లాడు. వేడి చిప్స్ పొట్లం కడుతూ కొట్టామె మావిస్ వెక్కిరించింది.

"ఏం నాయనా, మొహం అలా పీక్కుపోయింది? హిల్డా గానీ పలకరించిందా?"

"ఊరుకో మావిస్."

"నేనూరుకున్నా ఆవిడ ఊరుకోవాలిగా. ఇందాకే చూశా... ఎర్రగా వెలుగుతోంది కిటికీ."

గ్లెన్ పొట్లం లాక్కుని బయటపడ్డాడు. బల్బుతో సహా అన్నీ పొద్దున్నే వాడే విప్పేశాడు. తాళంచెవి వాడి జేబులో ఉంది. రెండోది సముద్రం మీద రస్ దగ్గరుంది.

వెనకసందులోకి వచ్చాడు. నిజమే... పైన ఎర్రటి వెలుగు.

పెరటి గేటు తోశాడు. బొగ్గుల కొట్టం తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఖాళీ. కొట్టం గుమ్మంలోంచి తెల్లటి మంచు మీద వెడల్పాటి జాడ... ఒళ్లు ఈడ్చుకుంటూ పోయినట్టు... తిన్నగా వంటింటి తలుపు దాకా.

తలుపు దగ్గరగా వేసి ఉంది, అంతే. పారిపోదామనుకున్నాడట. కానీ చంపిన దాన్నుంచి ఎంత దూరం పారిపోతాను అనుకున్నాడట.

తలుపు తోసి లోపల అడుగుపెట్టాడు. కటిక చీకటి. పైన చెక్కనేల మీద ఏదో మెల్లగా జరుగుతోంది... ఆగింది... మళ్లీ జరిగింది.

అప్పుడు జేబులో ఫోను మోగింది. ఇల్లంతా దద్దరిల్లినట్టయింది. తీసి చూస్తే రస్.

"ఎక్కడున్నావురా?"

"మా ఇంట్లోనే," గుసగుసగా అన్నాడు గ్లెన్.

పైన జరుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

"డోరిస్ ఎలా ఉంది?"

"బాగుంది."

"వెచ్చగా ఉందా?"

"ఆఁ... ఇప్పుడే చూసొచ్చా."

"గ్లెన్," అన్నాడు రస్. ఆ పిలుపు ముందుగా మెట్ల పైనుంచి వినబడింది. ఆ వెంటనే ఫోనులోంచి.

గ్లెన్ గోడకి ఆనుకున్నాడు.

"తుఫాను వస్తోందని హెలికాప్టర్లో ముందే పంపించేశారు. మధ్యాహ్నం నుంచీ ఇక్కడే ఉన్నా. నువ్వు ఈడ్చిన జాడ పట్టుకునే కొట్టం దాకా వెళ్లా. ఆ దుప్పటి మీదే వెనక్కి లాక్కొచ్చా. బల్బూ హీటరూ మళ్లీ బిగించా." గొంతులో కోపం లేదు, అదే వాడు భరించలేకపోయాడు. "బతికే ఉందిరా. నా కోటు చుట్టి ఒళ్లో పెట్టుకున్నా. ఇందాకే నాలుక ఆడించింది. ఊపిరి మాత్రం గరగరమంటోంది, రేపు డాక్టరుకి చూపించాలి."

"రస్... నేను ఇంట్లో లేను."

"తెలుసు. ఫోను మోగింది వినబడింది. పైకి రా. చేతులు వెచ్చ చేసుకుని రా. చల్లటి చేతులతో దాన్ని ముట్టుకోకు."

ఫోను పెట్టేశాడు.

గ్లెన్ కొళాయి తిప్పాడు. ఆ ఇంట్లో వేడినీళ్లు ఎక్కడివి? చిప్స్ పొట్లం పట్టుకున్నాడు, అదీ చల్లారిపోయింది. అరచేతులు రుద్దుకున్నాడు, ఊదుకున్నాడు, చంకల్లో దోపుకున్నాడు. చీకట్లో చేతికి తగిలిన వంటింటి కుర్చీలో కూలబడి, వెచ్చబడగానే వెళ్దామని కూర్చున్నాడు.

ఎంతసేపైనా వేళ్లు వెచ్చబడలేదు. రస్ మళ్లీ పిలవలేదు. అలా కోటు దగ్గరగా లాక్కుని ముడుచుకుని కూర్చున్నాక... తను కూర్చున్నది ఎవరి కుర్చీలోనో గ్లెన్‌కి అప్పుడు తెలిసింది.