జాకెట్టు బిగుతు

దర్జీ పని చేసేవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. జాకెట్టు కుట్టేటప్పుడు లోపల రెండు వేళ్ల గుడ్డ అదనంగా వదులుతారు. ఒళ్లు చేస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చని. వీధిలో ఏ ఆడదానికి ఎప్పుడు ఒళ్లొచ్చిందో, ఎప్పుడు తగ్గిందో అక్కడ జాకెట్లు కుట్టే ఆవిడ చేతులకి తెలుసు. తన ఒంటి సంగతే తెలుసుకోలేకపోయింది.

నలభై నాలుగో ఏట ఆమెకి నెల తప్పింది. తొలి కాన్పు. ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకున్నా, ఆమెకి మాత్రం కాళ్లు నేల మీద ఆనలేదు.

నర్సు బీపీ చూసి, "ఈ వయసులో ఇది ఎప్పుడు ఎగబాకుతుందో చెప్పలేమమ్మా. మొహం, చేతులు ఉబ్బినా, తల పగిలిపోతున్నా, కళ్లముందు మెరుపులు కనబడినా వెంటనే ఆసుపత్రికి వచ్చెయ్యి. నీకూ ముప్పే, బిడ్డకీ ముప్పే" అంది.

ఏడో నెలలో జాకెట్టు చేతులు బిగిశాయి. కుట్టు విప్పుకుంది. నాలుగు రోజులకి మళ్లీ బిగుతు. మళ్లీ విప్పింది. ఆపైన వేలు కూడా దూరలేదు.

"అత్తయ్యా, నేను విప్పిన కుట్టు ఎవరో మళ్లీ వేస్తున్నారు" అంది గొంతు తగ్గించి.

అత్తగారు మూలనున్న కుట్టుమిషన్ వంక చూసింది. అది ఆవిడ పెద్దకూతురిది. ఆ కూతురూ నలభై దాటాకే కడుపుతో ఉండి, నెలలు నిండకుండానే ఒకనాడు ఆ మిషన్ మీదే వాలి ప్రాణం వదిలింది. బిడ్డా దక్కలేదు.

"అదే అయ్యుంటుంది. కన్నదాన్నయినా చెబుతున్నా, దానికి ఓర్వలేనితనం."

"వదిన అలాంటిది కాదు. పోనీ, నర్సమ్మకి చూపిస్తే?"

"చూపించు. దెయ్యానికి మాత్రలు రాసిస్తుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. మిషన్‌ని గోడవైపు తిప్పి దుప్పటి కప్పేశారు. ఆసుపత్రి మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం ముసురు. కరెంటు పోయింది. పొద్దుటినుంచీ ఆమెకి తలలో సుత్తితో కొడుతున్నట్టుంది. అత్తగారు వంటింట్లో అగ్గిపెట్టె వెతుకుతోంది. గదిలో మిషన్ నూనె వాసన... తడి గుడ్డ వాసన...

టక్... టక్... టక్...

దుప్పటి కింద.

ఆమె లేచింది. కళ్లముందు వెండి సూదులు రాలుతున్నాయి. రెప్ప వేసినా ఆగలేదు. దుప్పటి అంచు కింద కాలిపలక కదులుతోంది. పైకి... కిందికి... దాని మీద పాదం లేదు.

"చేతులు బిగిశాయా మరదలా?"

గోడలోంచి వచ్చినట్టుంది ఆ గుసగుస.

"మరి ఇంకా ఇక్కడే ఉన్నావేం?"

ఆమె నోరు తెరిచింది. ఒళ్లంతా కొయ్యబారి, కొట్టుకుంటూ పడిపోయింది.

ఆసుపత్రిలో నర్సు జాకెట్టు చేతులు కత్తెరతో కోసింది. "ఈ వాపు ఎన్నాళ్లనుంచి?"

"వాపు కాదమ్మా" అంది అత్తగారు. "జాకెట్టు బిగుతు."

నర్సు ఆవిడ వంక చూసి, తల దించుకుని పని చూసుకుంది.

ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. దోసిట్లో పట్టేంత మగపిల్లాడు. ఒక్కసారి ఏడ్చాడు. తెల్లారేసరికి ఆ ఏడుపూ లేదు, పిల్లాడూ లేడు.

తల్లి బతికింది. ఇంటికొచ్చాక, కోసిన జాకెట్టు చేతులు వెలుతురులో తిప్పి చూసుకుంది. విప్పిన కుట్టు విప్పినట్టే ఉంది. ఎవరూ వెయ్యలేదు.

"పాపం, వదినకి అంటగట్టాం" అంది. అత్తగారు మిషన్ వైపు వీపు తిప్పి కూర్చుంది.

ఆమే లేచి, దుప్పటి తీసి, మిషన్‌ని ఇటు తిప్పింది. సూది కింద తెల్లటి చొక్కా ఉంది. దోసిట్లో పట్టేంత చొక్కా. ఆ ఇంట్లో బతికున్నవాళ్లెవరూ కత్తిరించింది కాదు.

పెట్టెలో దాచింది.

మరుసటి నెల సూది కింద ఇంకొకటి ఉంది. మొదటిదానికంటే కాస్త పెద్దది. తిరగేసి చూసింది. లోపల రెండు వేళ్ల గుడ్డ అదనంగా వదిలి ఉంది... పెరిగే బిడ్డకి వదిలినట్టు.