లేని బ్రేకు

వేలూరులో పళని బండ్ల అంగడి ముందు ఆ సాయంత్రం ఎర్ర కారుకు పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. ఒకరు వాడి అమ్మిన బండే. మెరుపు మాత్రం కొత్తదానిలాగే ఉంది. అంగడి ముందే నిలబెట్టి ఒకసారి యాక్సిలరేటరు నొక్కితే పక్క టీకొట్టులో గ్లాసులు గలగలమన్నాయి. దాన్ని నడపబోయే విఘ్నేష్‌కు లైసెన్సు వచ్చి ఇంకా నెల కాలేదు.

వాడి అమ్మ సుజితకు ఆ బండి మొదటినుంచీ ఇష్టం లేదు. కోయంబత్తూరులో మిల్లు హాస్టలు వార్డెనుగా ఎవరెవరి ఆడపిల్లలనో కాచుకుంటూ, గుడియాత్తంలో ఉన్న కన్నకొడుకును ఫోనులోనే పెంచుకొచ్చిన మనిషి. తిన్నావా, ఇల్లు చేరినావా అని అడగనిదే ఆమెకు పొద్దు గడవదు. కైలీ లుంగీల వ్యాపారం చేసే భర్త లోగనాథన్ మాట వేరు. బండి గట్టిది, ఎయిర్‌బ్యాగులున్నాయి, మనం కొనివ్వకపోతే వీడు స్నేహితుల బండ్లలో తిరుగుతాడని వాదించాడు. బండి ఎంత గట్టిదైనా ఆ వేగాన్ని పట్టి ఆపేంత నిదానం పద్దెనిమిదేళ్ళ పిల్లాడికి యాడినుంచి వస్తుందని ఆమె అడిగింది. చివరికి ఇద్దరూ ఒకమాట మీదికి వచ్చారు. వేలూరు నుంచి ఇంటిదాకా కొడుకు పక్కన ఆమె కూర్చుంటుంది. ఆమె సరేనంటేనే తాళంచెవి వాడిది.

లోగనాథన్ తన వ్యానులో ముందే వెళ్ళిపోయాడు. పూజ చేసిన బండి కదా అని సుజిత చెప్పులు విప్పి ఎక్కింది. బండిలో అన్నీ బాగానే ఉన్నాయి. ఆమె కుడికాలు ఆనిన చోట మాత్రం కింద పరిచిన మ్యాటు అరిగి గుంటపడి ఉంది.

ఊరు దాటేసరికి చీకటి పడింది. సన్నగా తుంపర. అద్దం మీద వైపర్లు మగ్గం ఆడినట్టు ఒకే లెక్కన ఆడుతున్నాయి. లోపల నిమ్మకాయ వాసన, సీటు తోలు వాసన. వాటి అడుగున ఇంకేదో... తడిగుడ్డను చాలారోజులు మూసిపెట్టినట్టు.

విఘ్నేష్ బుద్ధిగానే నడిపాడు. ముందు లారీ కనబడినప్పుడల్లా ఆమె కుడికాలు దానంతటదే నేలను తొక్కుతోంది. వాడు చూసి నవ్వాడు.

"యాడ తొక్కతా ఉండావు మా? ఆ పక్క బ్రేకు లేదు."

"నాకు తెలుసులేరా. నువ్వు రోడ్డు చూడు."

"ఇన్నేండ్లూ కోయంబత్తూరు నుంచే తొక్కినావు. ఈపొద్దు పక్కనే కూర్చుని తొక్కతా ఉండావు, అంతే."

ఆమెకూ నవ్వొచ్చింది. ఆ నవ్వే వాడికి ధైర్యమైందేమో. విరించిపురం దాటాక రోడ్డు ఖాళీ అయింది. ఒక్కసారి, ఒకేఒక్కసారి అని బతిమాలుతూనే నొక్కేశాడు.

బండి గొంతు మారింది. ఆమె వీపు సీటుకు అతుక్కుంది. పాలారు ఏటి పక్కంతా చీకటి. ఎదురుగా తుంపరలో రెండు ఎర్రచుక్కలు. ఆగి ఉన్న లారీ... వాడు చూశాడో లేదో.

ఆమె కాలు తొక్కింది.

నేల తగల్లేదు.

మెత్తగా... చల్లగా... ఇంకో కాలు. తన అరికాలి కింద ఇంకో ఆడమనిషి పాదం. వేలికి మెట్టె. అది కూడా తొక్కుతోంది. వణుకుతూ... ఆమె కంటే గట్టిగా...

చెవి పక్కనే ఊపిరి.

"నేనూ తొక్కినానమ్మా... బండి నిలబళ్ళేదు."

సుజిత అరవలేదు. తను అరిస్తే వాడి చెయ్యి అదురుతుందని అప్పుడు కూడా ఆమెకు తెలుసు. కొడుకు భుజం మీద చెయ్యి వేసి, నిద్ర లేపేటప్పటి గొంతుతో, "ఆపు నాయనా," అంది.

లారీ వెనక రాసిన అక్షరాలు చదవగలిగేంత దగ్గరలో బండి ఆగింది.

"నాకొద్దు మా ఈ బండి," అన్నాడు వాడు. వాడికేం వినబడిందో ఆమె అడగలేదు.

మరునాడే దాన్ని పళనికి తిరిగి ఇచ్చేశారు. ఇంతకుముందు ఇది ఎవరిదని సుజిత అడిగితే, అతను గుడ్డ తీసుకుని తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. "కాట్పాడి ఆమె, కొడుక్కని కొనిచ్చింది," అన్నాడు. "ఒక్కడే కొడుకు. ఇప్పుడు ఇద్దరూ లేరులేమ్మా."

సుజిత కోయంబత్తూరు వెళ్ళిపోయింది. విఘ్నేష్ మునుపటిలాగే టౌను బస్సులో కాలేజీకి పోతున్నాడు. ఆమెకు చాలాకాలానికి కంటినిండా నిద్ర పట్టింది.

ఒక పొద్దున, హాస్టలు పిల్లలు ఇడ్లీలకు వరుస కట్టిన వేళ, వాడు బస్సులోంచి ఫోను చేశాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు. బస్సు నిండా జనమట. మగవాళ్ళంతా నిలబడే ఉన్నారట, వాడి పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోవడం లేదట. ఎక్కినవాళ్ళు ఆ సీటు వైపు చూసి, మర్యాదగా పక్కకు తప్పుకుంటున్నారట.

"కండక్టరు నాకు టికెట్టు ఇచ్చినాడు మా. దాంతోపాటు ఆడవాళ్ళకు దుడ్లు లేకుండా ఊరికే ఇచ్చే టికెట్టు కూడా ఒకటి ఇచ్చినాడు."

"ఎవురికంట?"

"మీ అమ్మకు అన్నాడు."

సుజిత గోడకు ఆనుకుంది.

"ఆ టికెట్టు యాడ పెట్టినావు కన్నా?"

"పక్క సీట్లో పెట్టినాను మా."

కాసేపు బస్సు మోత.

"ఇప్పుడు లేదు."