పేర్రాజు పొట్టలో రింగు

కాకినాడ వీధుల్లోకి సముద్రం వచ్చేసి, సిటీ బస్సులన్నీ పడవలైపోయిన రోజులవి. ఒక నర్సింగ్ హోమ్ మేడ మీద టైలర్ పేర్రాజు నోరు తెరుచుకుని పడుకున్నాడు. అతని గొంతులోంచి సన్నటి ట్యూబు దిగుతోంది. ట్యూబు చివర మెత్తటి రింగు ఉంది.

“మింగండి. అయిపోవచ్చింది,” అంది డాక్టర్ హైమ. ఆ రింగు కనిపెట్టింది ఆవిడే.

పక్కనే పేర్రాజు అక్క సూరమ్మ కొంగు నలుపుకుంటూ నిలబడింది. తమ్ముడికి తన కిడ్నీ ఇస్తానని ఆవిడ ఎప్పుడో చెప్పేసింది. పరీక్షలన్నీ కుదిరాయి. అడ్డొచ్చింది పేర్రాజు ఒళ్ళే. ఇంత బరువుంటే కిడ్నీ మార్చలేమని సర్జన్లు చేతులెత్తేశారు.

మరి తగ్గొచ్చుగా అంటారేమో. పేర్రాజుకి ఇంట్లోనే డయాలిసిస్. పొట్టకు అమర్చిన ట్యూబులోంచి ఒక ద్రవాన్ని లోపలికి పంపి, అది రక్తంలోని చెత్తను లాక్కున్నాక బయటికి తీసేస్తారు. ఆ ద్రవం పని చెయ్యాలంటే అందులో చక్కెర ఉండాలి. కొంత చక్కెర ఒంటికి పట్టేస్తుంది. పాపం, పేర్రాజు ఆ డయాలిసిస్ మెషీను పక్కన ఊరికే పడుకుని కూడా లావయ్యేవాడు.

బరువు తగ్గడానికి పొట్ట కోసి చేసే ఆపరేషన్లు లేకపోలేదు. కానీ కోత మానేదాకా పొట్టలో ద్రవం నింపడం కష్టం. హైమ రింగుకి కోత అక్కర్లేదు. అది జీర్ణాశయం పైభాగాన కూర్చుని, నాలుగు ముద్దలు పడగానే మెదడుకి కడుపు నిండిందని సిగ్నల్ పంపుతుంది.

రింగు బాగానే పనిచేసింది. పేర్రాజు గుడ్డు పులుసుతో నాలుగు ముద్దలు తిని పళ్ళెం జరిపేసేవాడు.

“అదేంట్రా, పిట్టలా తింటన్నావ్?” అనేది సూరమ్మ.

“పట్టట్లేదక్కా.”

తన చొక్కాలన్నీ తనే బిగించి కుట్టుకుంటూ అతను మురిసిపోయాడు. మధ్యమధ్యలో అక్క తన జాకెట్లు తెచ్చి, “కొంచెం వదులు చెయ్యరా, ఉతికితే బిగిసిపోయినయ్యి,” అనేది. ఆడవాళ్ళు జాకెట్టు వదులు చెయ్యమంటే కారణం అడక్కూడదన్నది టైలర్ల మర్యాద. పేర్రాజు మారుమాట లేకుండా కుట్లు విప్పేవాడు.

చివరికి కిడ్నీ మార్చే రోజు ఖాయమైంది. పేర్రాజు బరువు చూసి హైమ చప్పట్లు కొట్టింది. తర్వాత సూరమ్మ బరువు చూసే మెషీను ఎక్కింది. హైమ ఆవిణ్ణి దింపి, మళ్ళీ ఎక్కించి చూసింది.

“ఇంత బరువుంటే మీ కిడ్నీ తియ్యడం ప్రమాదమమ్మా. ఏం తిన్నారు?”

“నేనెక్కడ తిన్నానండి? ఈడొదిలేసిందే తిన్నాను. వండిన అన్నం పారేత్తామా అండి?”

పేర్రాజుకి ఆ జాకెట్లన్నీ గుర్తొచ్చి, ఒక్కసారైనా అడగనందుకు తన మీద తనకే కోపం వచ్చింది. సూరమ్మ అయితే ఏడ్చేసింది. తమ్ముడి ప్రాణానికి తనే అడ్డం పడ్డానని ఆవిడ బాధ.

“ఏడవకండి. మీకూ ఒక రింగు వేస్తాను,” అంది హైమ. “ఇకనుంచి తక్కువ వండండి.”

“తక్కువ వండటం నాకు సేతకాదండి,” అంది సూరమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

నిజంగానే చేతకాలేదు. తనకీ రింగు పడ్డాక సూరమ్మ ఇంట్లో మిగిలిందంతా క్యారియర్లో సర్దుకుని, పడవ బస్సెక్కి నర్సింగ్ హోమ్‌కి వచ్చేది. పెద్దావిడ అంత దూరం మోసుకొచ్చాక హైమ కాదనలేకపోయేది. దొండకాయ వేపుడు కూడా మరి వదల్లేనంత రుచిగా ఉండేది.

సూరమ్మ తగ్గింది. కిడ్నీ తమ్ముడికి చేరింది. పేర్రాజు డయాలిసిస్ మెషీను మీద గుడ్డ కప్పి దాన్ని ఇస్త్రీ బల్లగా వాడుకుంటున్నాడు. క్యారియర్ మాత్రం ఆగలేదు. ప్రాణం పోసిన డాక్టరమ్మకి అన్నం పంపకపోతే సూరమ్మకి ముద్ద దిగదు.

ఒకరోజు హైమే స్వయంగా పేర్రాజు కొట్టుకి వచ్చి, తెల్లకోటు బల్ల మీద పెట్టింది.

“ఉతికితే బిగిసిపోయింది పేర్రాజు గారూ. కొంచెం వదులు చేసిపెట్టండి.”

పేర్రాజు కత్తెర అందుకోబోయి ఆగాడు. కోటు మడతపెట్టి ఆవిడ చేతికే ఇచ్చాడు.

“వదులు సెయ్యనండి. తమ దగ్గర ఇంకో రింగుందాండి?”