ముట్టుకోకూడని పెట్టె

సూర్యాపేట. ఏప్రిల్ నెల. ఉదయం ఎనిమిదీ పది.

పాలపాకెట్ తెస్తానని గడప దాటిన ఏసుబాబు తిరిగి ఇంటికి రాలేదు. వీధి చివర పాకెట్ మాత్రం దొరికింది, చిట్లిపోయి.

ఏసుబాబు ఢిల్లీలో ఏదో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడనీ, సెలవు మీద వచ్చాడనీ వీధి వాళ్లందరికీ తెలుసు. అతను ఇంటెలిజెన్స్‌లో రహస్య సంకేతాలు చూసే సైఫర్ ఆఫీసరని మాత్రం తెలియదు. ఒక పరాయి దేశపు రాజధానిలో మారుపేర్లతో బతుకుతున్న మన ఏజెంట్లు పదకొండు మంది. వాళ్ల అసలు పేర్లు ఏ ఫైల్లోనూ లేవు. ఏసుబాబు బుర్రలో ఉన్నాయి. అందుకే అతన్ని ఎత్తుకుపోయారు.

తొమ్మిదింటికి ఏజెంట్ భీమ్లా ఫోన్ మోగింది.

"సన్నాలా, దొడ్డా?"

"పాత సన్నాలు. నిరుటివి."

కోడ్ సరిపోయింది. అవతల చీఫ్ జోసెఫ్. ఇవతల భీమ్లా సూర్యాపేట మార్కెట్ యార్డులో లుంగీ, తలకు తువ్వాలతో వడ్ల బ్రోకర్ వేషంలో ఉన్నాడు. సూర్యాపేట పక్క తండాలోనే పుట్టినవాడు కాబట్టి ఆ వేషానికి పెద్ద మేకప్ అక్కర్లేదు.

"నీలి నంబర్ ప్లేటు మినీ లారీ, వెనకే నీలి ప్లేటు కారు. ఆ దేశపు ఎంబసీవి," అన్నాడు జోసెఫ్. "లారీలో మనిషి పట్టేంత చెక్కపెట్టె. డిప్లమాటిక్ బ్యాగ్ అని సీలు. కారులో సెకండ్ సెక్రటరీ లోరాక్. కోదాడ మీదుగా పోర్టుకు పోతున్నారు. సాయంత్రం షిప్ ఎక్కితే ఏసుబాబు పోయినట్టే. వారం తిరక్కుండా ఆ పదకొండు మందీ పోయినట్టే."

"టోల్ గేట్ కాడ ఆపి పెట్టె తెరుస్త సార్."

"తెరవకూడదు. ఆపకూడదు. ముట్టుకోకూడదు. వియన్నా కన్వెన్షన్. ఎంబసీల సామాను మీద చెయ్యి వేయమని దేశాలన్నీ రాసుకున్న ఒప్పందం."

"లోపల మనిషి ఉన్నా గూడనా?"

"ఉన్నాడని రుజువేది? ఇవాళ మనం వాళ్ల పెట్టె తెరిస్తే రేపు వాళ్లు మన పెట్టెలు తెరుస్తారు. మన పెట్టెల్లో ఏముంటుందో నీకు నేను చెప్పాలా?"

చెప్పనక్కర్లేదు. అలాంటి మన పెట్టెలు రెండింటికి భీమ్లానే తాడు కట్టాడు.

"పాము చావాలె, కర్ర విరగొద్దు అంటరు."

"అంతే."

"ఎంబసీల మన ఇన్ఫార్మర్ ఏమన్నది? సుధ?"

"పెట్టెలో కాగితాలే ఉన్నాయని పొద్దున్నే మెసేజ్ పెట్టింది."

భీమ్లా యార్డు గోడ వారకు నడిచి గొంతు తగ్గించాడు. "ఏసుబాబు మన మనిషని తెలిసి, సెలవు మీద వచ్చిండని గూడ తెల్సింది మన ఇద్దరికి గాక సుధకే సార్."

 దొంగ చేతికే తాళాలిచ్చామని జోసెఫ్‌కు రెండేళ్ల తర్వాత తెలిసింది.

అదృష్టం కోదాడలో ఉంది. వడ్లు కొనాలని రైతులు హైవే మీద బైఠాయించారు. పోలీసులు బండ్లన్నిటినీ మిర్యాలగూడ రోడ్డుకు మళ్లించారు. ఆ దారిన వంతెన రిపేరులో ఉంది. బరువు చీటీ లేనిదే ఏ లారీనీ ఎక్కనివ్వడం లేదు. దారి మళ్లించడం ఆపడం కాదు, తూకం వేయడం తెరవడం కాదు. జోసెఫ్ ఒప్పుకున్నాడు.

భీమ్లా బైకు మీద సూర్యాపేట నుంచి నేరుగా వచ్చి, మిర్యాలగూడ శివార్లలోని రైస్ మిల్లులో గంట ముందే దిగాడు. వంతెనకు బరువు చీటీ ఇచ్చే లారీ కాంటా అక్కడే ఉంది, దాన్ని చూసేది బాలనర్సమ్మ. ఇరవై రెండేళ్లుగా ఆ అంకెల ముందే కూర్చుంటున్న మనిషి. విషయం విని ఆమె ముక్కు మీద వేలేసుకుంది.

"మనిషిని పెట్టెల పెట్టినా అడగొద్దా?"

"అడగొద్దు."

"సంపినా?"

"మీ దేశం పొమ్మని పంపియ్యాలె. అంతే."

"గదేం కానూన్ బిడ్డా!"

పన్నెండున్నరకు నీలి ప్లేట్లు వచ్చాయి. ఎండ నలభై మూడు డిగ్రీలు. కారులోంచి ముందు నల్ల కళ్లద్దాలు దిగాయి, వాటి వెనక చిలకాకుపచ్చ పట్టుచీరలో సుధ. కోదాడ పిల్ల. నవ్వితే ఎంబసీ గేట్లే తెరుచుకుంటాయని ఆఫీసులో అనుకునేవారు. భీమ్లా ఆమెను చూడటం ఇదే మొదటిసారి. రెండేళ్లుగా ఫోన్లో గొంతు మాత్రమే విన్నాడు.

"ఇంజన్ బంద్ చెయ్యుర్రి. కాంటా మీద ఎవ్వరు ఉండొద్దు," అంది బాలనర్సమ్మ.

"ఇది ఎంబసీ వెహికిలండీ. మాకు ఇవన్నీ వర్తించవు."

"వంతెనకు గూడ ఆ ముచ్చట తెల్వాలె గదమ్మా. బరువుకు ఇరుగుతది."

లోరాక్ వాచీ చూసుకుని సరేనని చెయ్యి ఊపాడు. డ్రైవర్ దిగాడు. కాంటా గదిలో భీమ్లా కళ్ల ముందు ఎర్ర అంకెలు వెలిగాయి, కిలోల్లో. నాలుగు వేల మూడు వందల ఇరవై. ముప్పై. ఇరవై. మళ్లీ ముప్పై.

"నిలుస్తలేదు," అంది బాలనర్సమ్మ.

"గాలికేమో?"

"గాలి యాడున్నది? ఆకు కదుల్తలేదు. బియ్యం బస్తాలైతే టక్కున నిలుస్తది. మేకల బండి ఎక్కితే గిట్లనే ఆడుతది." గొంతు తగ్గించింది. "అండ్ల పానం ఉన్నది బిడ్డా."

భీమ్లా నడుముకు ఢిల్లీ ఇచ్చిన హార్ట్‌బీట్ డిటెక్టర్ ఉంది. గోడ అవతలి గుండె చప్పుడు కూడా పట్టేస్తుందట. కాకపోతే పెట్టెకు అంటించాలి, అంటించాలంటే ముట్టుకోవాలి. అంత గొప్ప యంత్రం ఇప్పుడు మొలతాడుతో సమానం. అతను ఫోన్ తీశాడు.

"సార్, కాంటా అంకె ఆడుతున్నది. మనిషున్నడు."

"కాంటా అంకెను చూపించి సీలు తెంచలేం భీమ్లా. వాళ్లంతట వాళ్లు తెరిస్తే తప్ప..."

"బిడ్డా," బాలనర్సమ్మ అతని భుజం పట్టుకుంది. "నిలిచింది."

నాలుగు వేల మూడు వందల ఇరవై. అంకె కదలడం లేదు.

భీమ్లాకు భయమేసింది. తొమ్మిదేళ్ల సర్వీసులో పిస్టల్ ముందు నిలబడ్డప్పుడు కూడా ఇంత భయం వేయలేదు. మొన్న ఆదివారం ఏసుబాబు ఇంట్లో కోడికూర తిన్నాడు. ఇంకో ముక్క వేసుకోమని ఏసుబాబు భార్య నాగమణి గిన్నె పట్టుకుని వెంటపడింది.

"అమ్మా, గోదాంల పురుగులకు ఏసే గ్యాస్ బిళ్లలు... ఆ డబ్బా ఉన్నదా?"

"ఉన్నది గాని ఖాళీది."

"రిజిస్టర్ల బీరువాల కలరా ఉండలు ఉంటయి గదా. అవి పోయి అందుల."

రెండు నిమిషాల్లో ముక్కుకు మాస్కు, చేతులకు గ్లౌజులతో భీమ్లా బయటికొచ్చాడు. డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంది. వెనక నలుగురు హమాలీలు టార్పాలిన్ మోసుకొస్తున్నారు.

"ఎగుమతి చెక్కపెట్టె మేడం. పురుగుల మందు పొగ పెట్టకుంటే పోర్టుల దించుకోరు. పెట్టెను ముట్టుకోము, తెరవము. లారీ మీద టార్పాలిన్ కప్పి లోపల రెండు బిళ్లలు ఏస్తం. పది నిమిషాలు."

"అవసరం లేదు," అంది సుధ గబుక్కున.

"ఎందుకు మేడం? బొద్దింక గూడ బతకదు. కాగితాలకేమైతది?"

సుధ ఇంగ్లీషులో చెప్పింది. లోరాక్ భీమ్లాను కింది నుంచి పైదాకా చూశాడు. పెట్టె వైపు చూశాడు. ఏసుబాబు బతికి దొరికితే నోరు విప్పుతాడు. చచ్చిన ఏసుబాబు షిప్ ఎక్కి సముద్రంలో కలిసిపోతాడు. లోరాక్ నవ్వాడు.

"ప్లీజ్, ప్రొసీడ్. కాగితాలు ఊపిరి పీల్చవు కదా."

 భయపడి వాళ్లే పెట్టె తెరుస్తారనుకున్నాడు గానీ, ఈ మాట వస్తుందని భీమ్లా అనుకోలేదు. హమాలీలు అప్పటికే టార్పాలిన్ లాగేశారు. కలరా ఉండలు ఎవరినీ చంపవు. ఆ టార్పాలిన్ కింది వేడి చంపుతుంది. ఏసుబాబును తన చేతులతోనే కప్పెట్టాడు. తీస్తే నాటకం బయటపడుతుంది, తీయకపోతే మనిషి పోతాడు.

ఒక నిమిషం. రెండు.

భీమ్లా మాస్కు తీసి సుధ పక్కన నిలబడ్డాడు.

"సుధా, సన్నాలా, దొడ్డా?"

గొంతు గుర్తుపట్టింది. నల్ల కళ్లద్దాల కింద మొహం తెల్లబోయింది.

"మీ సారుకు ఇమ్యూనిటీ ఉన్నది," అన్నాడు మెల్లగా. "పెట్టెల శవం దొరికినా టాటా చెప్పి విమానం ఎక్కుతడు. నీకేమున్నది? కోదాడ ఆధార్ కార్డు. పెట్టె కాగితం మీద సంతకం ఎవరిది?"

"నాదే. పెట్టమన్నారు, పెట్టాను."

"మరి హత్య కేసుల ఏ-వన్ ఎవరు?"

"నన్ను వాళ్ల దేశం తీసుకెళ్తామన్నారండీ."

"అడుగు. ఆయన ఈడనే ఉన్నడు గదా."

సుధ అడిగింది. ఇంగ్లీషులో. ఏదైనా జరిగితే నాకూ రక్షణ ఉంటుందా అని. లోరాక్ ఆమె వైపు తిరగను కూడా లేదు. వాచీ చూసుకుంటూ రెండే మాటలన్నాడు.

"లోకల్ స్టాఫ్."

మూడో నిమిషం గడిచింది. సుధ చెప్పులు విడిచేసి పరుగెత్తింది. టార్పాలిన్ లాగి, లారీ ఎక్కి, పొద్దున సీలు బిగించి తన బ్యాగులో వేసుకున్న కటింగ్ ప్లేయర్‌తోనే సీలు తెంచింది. లోరాక్ అరిచాడు. ఆమె వినిపించుకోలేదు. ఎంబసీ పెట్టెను ఎంబసీ మనిషే తెరిచింది. ఏ కన్వెన్షనూ దానికి అడ్డు చెప్పదు.

నోటికి టేపుతో, చెమటలో తడిసి ముద్దయిన ఏసుబాబు ముడుచుకుని పడి ఉన్నాడు. భీమ్లా అతని మెడ మీద వేళ్లు పెట్టాడు. ఏమీ తెలియలేదు. ఇంకోచోట పెట్టాడు. సన్నగా, ఎక్కడో దూరంగా కొట్టుకుంటోంది.

"కండ్లు తెరువు కొడుకా," అంటూ బాలనర్సమ్మ కుండలో నీళ్లు చెంబుతో అతని మీద గుమ్మరించింది. రెండో చెంబుకు ఏసుబాబు దగ్గాడు. భీమ్లా అక్కడే లారీలో కూలబడి, అందరి ముందూ ఏడ్చేశాడు. సీక్రెట్ ఏజెంట్లు ఏడవకూడదని ఏ రూల్ బుక్‌లోనూ లేదు.

లోరాక్ కారు డోర్ తెరుచుకున్నాడు. "మీరు పెట్టెను ముట్టుకోలేదు. ఆ సంగతి నా రిపోర్టులో రాస్తాను," అన్నాడు మర్యాదగా. అతన్ని ఎవరూ ఆపలేదు. ఆపకూడదు.

మర్నాడు మిర్యాలగూడ దవాఖానలో ఏసుబాబు మంచం పక్కన నాగమణి బత్తాయి ఒలుస్తోంది. సూర్యాపేటలో బడిపంతులమ్మ. లెక్క తేలేదాకా వదిలే రకం కాదు.

"ఆ దొరను పట్టుకున్నరా అన్నా?" అని భీమ్లాను అడిగింది.

"లేదమ్మా. నలభై ఎనిమిది గంటల్ల దేశం ఇడిసి పొమ్మన్నరు. పొద్దున్నే విమానం ఎక్కిండు. మనోళ్లే ఎయిర్‌పోర్టు దాకా దిగబెట్టిన్రు."

"ఆ సుధను?"

"జైలు. ఆమె మన దేశపామె గదా."

నాగమణి గింజ తీసిన తొనను మొగుడి నోట్లో పెట్టి, చెయ్యి తుడుచుకుంది.

"అట్లయితే అన్నా, ఇంకోసారి మా ఆయన్ను పెట్టెల పెట్టేది ఉంటే జర మనోళ్లతోనే పెట్టియ్యుర్రి. కేసన్న ఉంటది."