గూడ్సు బండి గొంతు

"రాసినవా హెప్సీ?"

"అవ్ మామా."

హెప్సిబా రాయలేదు. పెన్సిలు మొన విరిగింది. షార్ప్‌నర్ బ్యాగులో ఉంది. బ్యాగు ముందు గదిలో ఉంది. లేచి వెళ్లాలి. తర్వాత రాద్దాంలే అనుకుంది. మూడు అంకెలే కదా!

శుక్రవారం మధ్యాహ్నం. బడి ఒక పూటే పెట్టారు. కారేపల్లి రైల్వే గేటు దగ్గర షాలేమ్‌రాజు మామకు సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది. షాపు వెనక గదిలో రెండు బల్లలు కలిపి, వాటి మీద గుండ్రంగా పట్టాలు పరిచారు. పట్టాల మీద బొగ్గు గూడ్సు ఉంది. జానెడు డీజిల్ ఇంజను, వెనకాల పన్నెండు వ్యాగన్లు. ప్యాసింజరు ఇంజను పక్కన అట్టపెట్టెలో ఉంది. రేపు బడిలో సైన్స్ ఫేర్. ఈ రెండూ అక్కడ నడవాలి.

ఇవి ఉత్త బొమ్మలు కావు. ఒక్కో ఇంజను కడుపులో గోరంత చిప్పు ఉంటుంది. దాన్ని డీకోడర్ అంటారు. దాని పక్కన చిన్న స్పీకరు. ఆ చిప్పులో వందల గళ్ళు, ఒక్కో గడిలో ఒక అంకె. ఏ అంకె రాస్తే ఇంజను ఆ తీరున కూస్తుంది, ఆ తీరున గుర్రుమంటుంది. రాయడానికి రిమోటు ఉంది. కానీ ఆ రిమోటుకు రాయడమే వచ్చు, చదవడం రాదు. ముందు ఆ గడిలో ఏముండేదో ఎంత అడిగినా చెప్పదు.

అందుకే మామ ఒక నోటుబుక్కు పెట్టాడు. రెండే రెండు రూల్సు పెట్టాడు.

"ఒకటి, అంకె మార్చేటప్పుడు పట్టాల మీద ఒక్క ఇంజనే ఉండాలె. రెండుంటే రెండిటికీ అదే ఎక్కుతది. ఇంకోటి, నొక్కే ముందే బుక్కుల రాయాలె. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"నలభై సార్లు చెప్పినవ్ మామా."

"ఇది నలభై ఒకటోసారి. యాదికుంచుకో."

ఈ రైళ్లు దూలయ్య తాతవి. ఆయన ముప్పై ఏళ్లు కొత్తగూడెం బొగ్గు బండ్లు నడిపి రిటైరయ్యాడు. ముచ్చటపడి కొనుక్కున్నాడు గానీ, వాటితో వచ్చిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చూసి జడుసుకున్నాడు. తెచ్చి మామ చేతిలో పెట్టాడు. "నా బండి కూత నాకు ఇనబడాలె షాలేమూ. గంతే" అన్నాడు.

గంతే! ఆ 'గంతే' కోసం మామ ఎనిమిది రోజులు తల పట్టుకున్నాడు. తొమ్మిదో తరగతిలోనే బడి మానేసినవాడు. పుస్తకంలో ఒక్కో మాటకూ అర్థం ఫోన్‌లో వెతుక్కున్నాడు. గేటు పడినప్పుడల్లా షాపు వదిలేసి బయటికి పరుగెత్తేవాడు. నిజం బొగ్గు బండి కూత విని, ఆ కూతను చెవిలో పెట్టుకుని తిరిగొచ్చి అంకె మార్చేవాడు. హారన్‌కు మూడు గళ్ళు. ఏ హారన్, ఎంత గట్టిగా, ఎంత బొంగురుగా.

"కాలె. మళ్ల. కాలె. థూ! మళ్ల."

ఇప్పుడే దొరికింది. బోఁ... అని అచ్చం బండి కూసినట్టే కూసింది. మామ గంతులేశాడు. మూడు అంకెలు చెప్పి రాసుకోమన్నాడు. ఇంతలో షాపుకు గిరాకీ వచ్చింది. వెళుతూ వెళుతూ గుమ్మంలోంచి అడిగాడు, రాసినవా అని.

హెప్సిబా ఒక్కతే మిగిలింది. ఒక్కతే మిగిలితే చేతులు ఊరుకుంటాయా?

ప్యాసింజరు హారన్ ఆమెకు మొదటినుంచీ నచ్చలేదు. దూడ అరిచినట్టుంటుంది. పెట్టెలోంచి ఆ ఇంజను తీసి పట్టాల మీద పెట్టింది. గూడ్సు ఇంజను తీసెయ్యాలి. తీస్తే పన్నెండు వ్యాగన్ల కొక్కెం ఊడదియ్యాలి, మళ్లీ చక్రాలు పట్టాల మీద కుదరబెట్టాలి. అదో పెద్ద తంటా.

"ఒక్కసారికి ఏమైతది?" అనుకుంది.

మూడు గళ్ళలో తనకు తోచిన అంకెలు నొక్కింది. ప్యాసింజరు పీఁ... అని సన్నగా, భలే కూసింది. హెప్సిబా చప్పట్లు కొట్టింది. తర్వాత గూడ్సు హారన్ నొక్కింది.

పీఁ...

మళ్లీ నొక్కింది.

పీఁ...

రెండింటికీ అవే అంకెలు ఎక్కాయి. మామ చెప్పిన అంకెలేంటి? మొదటిది ఆరా, తొమ్మిదా? రెండోది నూట నలభయ్యా, నూట నాలుగా? మూడోది అసలు గుర్తే లేదు. గబగబా ప్యాసింజరును పెట్టెలో పెట్టి మూత వేసింది.

మామ వచ్చాడు. గూడ్సు హారన్ నొక్కాడు.

"ఏందిది?" అన్నాడు. నోటుబుక్కు లాక్కుని చూశాడు. ఆఖరి పేజీ ఖాళీ. "రాసిన అన్నవ్ గదనే?"

"ముందువి రాసిన మామా. గా మూడు నువ్వు చెప్పలే."

ఆ మాట ఆమె ఆలోచించకుండానే వచ్చేసింది.

"చెప్పలేనా?"

"చెప్పలే."

మామ నోటుబుక్కు మూశాడు. "చెప్పిననే అనుకున్న. మూడు వందల అంకెలు తిరిగిన తలకాయ్ ఇది. ఏం యాదికుంటది?" అన్నాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "కూత దానంతటదే ఎట్ల మారింది? గా పుస్తకంల ఇంకేదో రాసి ఉండొచ్చు. నాకే సరిగ అర్థం కాలె. ఇంగ్లీషు రానోనికి గిట్లనే ఐతది."

మళ్లీ మొదలుపెట్టాడు. కాలె. మళ్ల. కాలె. రిమోటును తిట్టాడు, చిప్పును తిట్టాడు, మధ్యలో పోయిన కరెంటును తిట్టాడు. అన్నింటికన్నా ఎక్కువగా తనను తానే తిట్టుకున్నాడు. హెప్సిబా రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ మూసుకుంది. అబద్ధం చెప్పడానికి క్షణం కూడా పట్టలేదు. నిజం మాత్రం ఆలస్యమైన కొద్దీ బరువెక్కుతోంది. దీపాలు పెట్టే వేళకు మామ రిమోటు పక్కన పడేశాడు. అంకె దొరకలేదు.

శనివారం బడి హాలు కిక్కిరిసింది. దూలయ్య తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఆయన పక్కన లెక్కల సీతయ్య సార్. ఒకప్పుడు మామకు కూడా ఆయనే లెక్కలు చెప్పాడు.

మామ చిప్పు గురించి, గళ్ళ గురించి చెబుతుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. ప్యాసింజరు ఒక చుట్టు తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత పన్నెండు వ్యాగన్లతో గూడ్సు కదిలింది. దూలయ్య తాత ముందుకు వంగి చెవి పెట్టాడు.

పీఁ...

తాత వెనక్కి వాలాడు. "ఇది నా బండి కాదు షాలేమూ. స్కూటర్ కూసినట్టు కూస్తుంది."

పిల్లలు గొల్లున నవ్వారు. హెప్సిబా క్లాసు దేవ్లా అయితే కడుపు పట్టుకుని మరీ నవ్వాడు.

సీతయ్య సార్ కూడా నవ్వాడు. "ఇంగ్లీషు పుస్తకం ముంగట పెట్టుకుంటె సరిపోదుర షాలేమూ, చదవాలె. తొమ్మిదిల బడి ఎగ్గొట్టినోనికి చిప్పులెందుకుర?"

మామ చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "అవ్ సార్. నాకే తెల్వలె" అన్నాడు.

"కాదు సార్!"

అది తన గొంతేనా అని హెప్సిబాకే అనుమానం వచ్చింది. హాలంతా ఆమె వైపు తిరిగింది.

"మామ పుస్తకం కరెక్టే చదివిండు. బండి కూత గూడ కరెక్టే పెట్టిండు. నేనే రెండింజన్లు పట్టాల మీద పెట్టి నొక్కిన. గూడ్సు కూత పోయింది. అంకెలు మామ చెప్పిండు సార్, నేనే రాయలే. చెప్పలేదని అబద్ధం ఆడిన."

ఎవరూ నవ్వలేదు. దేవ్లా కూడా నవ్వలేదు.

మామ ఆమె వైపు చూశాడు. "నిన్నంత నా తలకాయ్ ఖరాబైందనుకున్ననే" అన్నాడు మెల్లగా. ఆ తర్వాత గొంతు లేచింది. "నలభై ఒక్కసార్లు చెప్పిన! నలభై ఒక్కసార్లు! గోడకు చెప్పినా ఇనేది!"

హెప్సిబా తల దించుకుంది. తిట్టు తగిలింది. అయినా నిన్నటి బరువు ఇప్పుడు లేదు.

సీతయ్య సార్ దగ్గాడు. లేచి, తన కుర్చీ మామ వైపు జరిపాడు. "కూసోరా" అన్నాడు.

"కూతకేమైతది? ఎతుకుదాం" అన్నాడు దూలయ్య తాత. "నా చెవులు ఇంకా పనిచేస్తున్నయ్."

హెప్సిబా బల్ల దగ్గరికి వెళ్లింది. ప్యాసింజరు ఇంజనును ఎత్తి పెట్టెలో పెట్టి మూత వేసింది. బ్యాగు తెచ్చుకుంది. షార్ప్‌నర్ తీసి పెన్సిలు చెక్కింది. నోటుబుక్కులో ఖాళీ పేజీ తీసి, పైన తారీఖు వేసి, మూడు అంకెలు రాసింది. అప్పుడు నొక్కింది.

"కాదు. ఇంకా బొంగురు" అన్నాడు తాత.

రాసింది. నొక్కింది.

"గంత బొంగురు కాదు. జలుబు చేసిందా దానికి?"

రాసింది. నొక్కింది. పిల్లలు విసుగుపుట్టి అగ్నిపర్వతం మోడల్ దగ్గరికి పోయారు. అన్నం బెల్లు కొట్టారు. దేవ్లా తినొచ్చాడు. పేజీలో ఇరవై ఏడు వరుసలు నిండాయి. మామ పక్కనే కూర్చున్నాడు.

అంతలో బడికి దగ్గర్లోనే ఉన్న రైల్వే గేటు పడింది. దూరంగా, కొత్తగూడెం వైపు నుంచి, బోఁ... అని వినబడింది. బొగ్గు బండి. హెప్సిబా కళ్లు మూసుకుని వింది. తాతను అడగకుండానే ఇరవై ఎనిమిదో వరుస మొదలుపెట్టింది.

"జల్దీ నొక్కవే! బండి పోతుంది!" దేవ్లా రిమోటు మీద చెయ్యి వెయ్యబోయాడు.

హెప్సిబా అతని చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆగు. రాయనీ."

మూడో అంకె పూర్తిగా రాసి, పెన్సిలు కింద పెట్టి, నొక్కింది.

బోఁ...

బయట బండి, లోపల బండి ఒకే గొంతుతో కూశాయి. దూలయ్య తాత కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"రాసినవా హెప్సీ?" అని అడిగాడు మామ.

ఆమె నోటుబుక్కు ఆయన వైపు తిప్పి పెట్టింది.