బూర గది మలుపు

పొగమంచు పట్టిన సాయంత్రం బూర గది దగ్గర ఆగకూడదు. ఆ కొండ దారిన నడిచేవాళ్ళకి అన్నిటికన్నా ముందు చెప్పే మాట ఇదే.

సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండ కొసన, కిటికీ రెక్కలు ఊడిపోయిన ఒంటి గది అది. మంచులో ఓడలు వచ్చి రాళ్ళకి కొట్టుకోకుండా ఒకప్పుడు అక్కడి నుంచి పెద్ద బూర మోగించేవారట. బూర మూగబోయి చాలా ఏళ్ళయింది. ఆ తర్వాతే... వేరే వేరే ఏళ్ళలో ఇద్దరు మనుషులు అక్కడి నుంచి కింద పడి చచ్చిపోయారు. ఇద్దరి వెంట ఉన్నవాళ్ళూ ఒకే మాట చెప్పారు — వెనక నుంచి ఎవరో "ఆగు" అన్నారని.

ఎవరో తెలీదు. ఆడో మగో కూడా తెలీదు.

అందుకే వినపడినా ఆగొద్దు. తిరిగి చూడొద్దు. నడుస్తూనే ఉండాలి.

ఆ ఆదివారం కూడా ఈల మేడమ్ నడక మొదలవకముందే ఈ సంగతి చెప్పింది. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది కాబట్టి ఆవిడకా పేరు. ఓ మోస్తరు దమ్మున్నవాళ్ళు ఎవరైనా రావచ్చు, పరుగులు పెట్టక్కర్లేదు, చుట్టూ చూసుకుంటూ నడవడమే అని చెప్పి జనాన్ని పోగేస్తుంది. రేవు దగ్గర మొదలుపెట్టి, ఇసుకలో నడిచి, కొండెక్కి, అవతలి రోడ్డు మీదికి దిగి బస్సెక్కాలి.

"మీరు నమ్ముతారా మేడమ్?" అని ఎవరో అడిగారు.

"నమ్మనండీ," అంది ఆవిడ. "కానీ ఆగను కూడా."

అందరూ నవ్వారు. లిఫ్టు మెకానిక్ ఒక్కడే నవ్వలేదు.

అతన్ని వాళ్ళక్క లాక్కొచ్చింది. బ్యూటీ పార్లర్ నడుపుతుంది ఆవిడ. కత్తెర ఆగినా నోరు ఆగదు. తమ్ముడి భార్య పోయి కొన్ని నెలలైంది. ఆ కబురు చెప్పిన డాక్టరుకి థాంక్స్ చెప్పి, స్కూటరెక్కి నేరుగా పనికి వెళ్ళిపోయాడు అతను. ఏడవలేదు. అప్పట్నుంచీ అంతే. టీ వేడిగా ఉందో చల్లారిపోయిందో తెలీకుండా తాగేసేవాడు. ఏమడిగినా "ఊఁ", లేకపోతే "సరే". అంతకు మించి మాట పెగిలేది కాదు.

"కొండగాలి తగిలితేనైనా నోరు విప్పుతాడు," అని అక్క ఆశ.

గాలి తగిలింది. కింద నీళ్ళు మిలమిలా మెరిశాయి, తెల్లటి పక్షులు రెక్కలాడించకుండానే తేలుతూ పోయాయి. అక్క ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపించింది. అతను చూశాడు. చూడమంది కాబట్టి చూశాడు.

పొద్దు వాలేసరికి మంచు దిగింది.

మెల్లగా దిగలేదు... సముద్రం మీంచి గోడలా లేచి వచ్చింది. అప్పటికే అక్కకి కొత్త బూట్లు కరిచి మడమ బొబ్బలెక్కింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ వెనకబడ్డారు. ముందు వెళ్తున్నవాళ్ళ మాటలు కాసేపు వినపడ్డాయి. తర్వాత అవీ లేవు.

అక్క ఒక రాయి మీద కూలబడి బూటు విప్పింది. గొంతు తగ్గించి, "ఒరే... ఆ నల్లగా కనపడేది బూర గదే. నువ్వు ఆగకు. నడుస్తుండు. నేను ప్లాస్టర్ అంటించుకుని వచ్చేస్తా," అంది.

"సరే," అన్నాడు.

నడిచాడు. గది గోడ పక్కనే వచ్చి, పక్కనే పోయింది. చుట్టూ తెలుపు తప్ప ఏమీ లేదు. తన బూట్ల చప్పుడు తనకే ఎవరిదోలా వినపడుతోంది.

"ఆగు."

వెనక నుంచి — దగ్గరగా. అరుపు కాదు, బెదిరింపూ కాదు. చేతిలో పని చూసుకుంటూ తల ఎత్తకుండా చెప్పినట్టు... అంతే.

అతను ఆగిపోయాడు.

ధైర్యం కాదది, అలవాటు. లిఫ్టు పెట్టె మీదికెక్కి ఒకడు పని చేస్తుంటే మోటారు దగ్గర ఇంకొకడుంటాడు. పెట్టె మీదున్నవాడు "ఆగు" అంటే మోటారు దగ్గరివాడు ఎందుకని అడగడు. మీట మీంచి చెయ్యి తీసేస్తాడు. పాతికేళ్ళుగా ఆ మాటకి అతని ఒళ్ళు తనంతట తనే ఆగుతుంది.

బూటు కొసకి తగిలి ఒక రాయి దొర్లింది. దొర్లిన చప్పుడు వినపడింది... పడిన చప్పుడు వినపడలేదు. చాలాసేపటికి, ఎక్కడో అడుగున, టప్ మంది.

కిందికి చూశాడు. పాదం ముందు నేల లేదు.

అసలు దారి గది దాటగానే ఎడమకి తిరిగిపోతుంది. అతను నేరుగా పాత దారిలోకి వచ్చేశాడు. ఎప్పుడో విరిగి సముద్రంలోకి జారిపోయిన దారి అది. అడ్డంగా కట్టిన తాడు తెగి గడ్డిలో పడి ఉంది.

'పడిపోయేవాణ్ణన్నమాట,' అనుకున్నాడు. అంతే. గుండె అదరలేదు. బస్సు తప్పిపోతే మనిషి ఇంతకంటే ఎక్కువ బాధపడతాడు.

వెనక్కి రెండడుగులు వేశాడో లేదో — అడుగుల చప్పుడు. అక్క. కుంటుతూ, దాదాపు పరిగెడుతూ, మంచులోంచి వస్తోంది. నేరుగా.

"అక్కా, ఆగు!" అని అరిచాడు.

ఆ మాట వినగానే అక్క ఇంకా వేగం పెంచింది.

పెంచదూ మరి? ఆగమంటే ఆగొద్దని కదా చెప్పింది ఈల మేడమ్! తల వంచుకుని, పళ్ళు బిగించి, అతని పక్క నుంచే దూసుకుపోయింది. ఇంక మాటలకి వ్యవధి లేదు. చెయ్యి చాచాడు. వీపుకున్న సంచీ పట్టీ దొరికింది. ఒక్క గుంజు గుంజాడు. ఇద్దరూ తడి గడ్డిలో వెల్లకిలా పడ్డారు.

అక్క కాళ్ళు మోకాళ్ళ దాకా గాలిలో ఉన్నాయి.

లాగి, గది గోడకి ఆనించి కూర్చోబెట్టాడు. ఆవిడ అంచు చూసింది, తమ్ముణ్ణి చూసింది. ముందు వీపు మీద ఒక్కటి చరిచింది. తర్వాత ఏడ్చింది.

"చంపేసేవాడివి కదరా నన్ను!"

"నేనా?"

"మరెవరు? దారి బాగుంది, ఇటొచ్చెయ్ అక్కా అని పిలిచావు కదా... ఆ ముందు నుంచి. నీ గొంతు పట్టుకునే కదా పరిగెత్తుకొచ్చాను!"

అక్క వేలు ఎటు చూపిస్తోందో చూశాడు. నేల లేని వైపు.

అతను పిలవలేదు. అసలు నోరు తెరిచిందే, ఆగమని అరిచినప్పుడు.

అరచేతుల్లో ఏదో మొదలైంది. చూసుకున్నాడు... వణుకు. వేళ్ళు తనవి కానట్టు కొట్టుకుంటున్నాయి. ఎన్ని నెలలైందో ఒంట్లో ఏదైనా తెలిసి.

"చెప్పవేంరా? నువ్వే కదా పిలిచింది?" అక్క గొంతు సన్నగా, బతిమాలుతున్నట్టుగా ఉంది.

"నేనే అక్కా," అన్నాడు. "మంచులో దారి పోల్చుకోలేకపోయాను. తప్పు నాదే."

"వెధవా," అంది అక్క, ఊపిరి పీల్చుకుని.

ఎడమ వైపు దూరంగా ఈల వినపడింది. మేడమ్ వెతుకుతోంది. అక్కని లేవదీసి, ఒక చెయ్యి ఆవిడ నడుం చుట్టూ వేసి, ఇంకో చేత్తో గోడ తడుముకుంటూ ఆ వైపు తిరిగాడు.

అప్పుడు వినపడింది. సముద్రం మీంచి... మెత్తగా... అచ్చం తన గొంతే.

"అక్కా... ఇటు..."

అక్క తల తిప్పబోయింది.

"అక్కా, నీకు లిఫ్టు తాడు సంగతి తెలుసా?" అన్నాడు గట్టిగా. "ఒక్కసారిగా తెగదు. ఒక్కో పోగూ పోతుంది. చూసేవాడుంటే తెలిసిపోతుంది..." మోటార్ల గురించి చెప్పాడు. తలుపుల మధ్య తోక ఇరికిన కుక్క గురించి చెప్పాడు. అంతస్తుల మధ్య ఇరుక్కుని పాటలు పాడుకున్న ముసలాయన గురించి చెప్పాడు. గుక్క తిప్పుకోవడానికి ఆగితే చాలు, వెనక నుంచి "అక్కా..." అని. ఇందాకటికంటే దగ్గరగా.

లిఫ్టుల కబుర్లు అయిపోయాయి. ఇంకేం చెప్పాలో తోచలేదు. భార్య గురించి మొదలుపెట్టాడు. ఆఖరి రోజు ఆవిడ దుప్పటి కప్పమని అడిగిందని, కప్పుతుంటే చాలు వెళ్ళి పడుకోమందని, తను వెళ్ళి పడుకున్నాడని... గొంతు పగిలింది. అలాగే, పగిలిన గొంతుతోనే, అరిచినట్టుగా చెప్పుకుంటూ పోయాడు.

అక్క అతని భుజానికి ఆనుకుని, కన్నీళ్ళతో నవ్వుతోంది. "మాట్లాడు నాన్నా... మాట్లాడు. ఇన్నాళ్ళకి..."

నడక తమ్ముడికి నయం చేసిందని ఆవిడ ఇప్పటికీ పార్లర్‌కి వచ్చిన అందరికీ చెబుతుంది.

రోడ్డు చేరి, బస్సెక్కి, తలుపు మూసుకునే దాకా అతను మాట ఆపలేదు. ఎందుకంటే... అప్పటి దాకా అదీ ఆపలేదు.