ముందు శుభ్రమైన ప్లేటు

“ఒంట్లో బాగుందా?” అని ఆ రోజు పెద్దాయన ఒక్క మాట అడిగి ఉంటే ఇంత రభస జరిగేది కాదు. అడగలేదు. ఫైలు టేబుల్ మీద పడేసి, “కూర్చో గుమాస్తా,” అన్నాడు.

గుమాస్తా అసలు పేరుతో డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ పనిలేదు. పదిమందిలో నిలబెడితే ఎవరి కంటికీ ఆనని మొహం అతనిది. పదకొండేళ్ల సర్వీసులో అదే అతని బెస్ట్ వెపన్. ఇంట్లో అక్కకి మాత్రం ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగమని చెప్పుకున్నాడు. అక్క కుట్టుమిషన్ తొక్కి పెంచిన తమ్ముడతను. ఆమెతో అబద్ధమాడిన ప్రతిసారీ అతనికి మింగుడు పడేది కాదు, అయినా ఆడేవాడు.

“కరోనా సోకితే మనిషి కణంలో ఏ జీన్ ఆన్ అవుతుందో, ఏది ఆఫ్ అవుతుందో మన ల్యాబ్ వాళ్లు చార్టు తీశారు,” అన్నాడు పెద్దాయన. “రెండు ప్లేట్ల నిండా ఊపిరితిత్తుల కణాలు. ఒకదానికి వైరస్ ఎక్కించారు. రెండోది శుభ్రమైన ప్లేటు, దానికేం ఎక్కించలేదు. రెండిటినీ పోల్చి చూశారు.”

“ఏం తేలింది సార్?”

“మామూలుగా వైరస్ దూరగానే కణం గంట కొడుతుంది. ఇంటర్‌ఫెరాన్ అంటారు. అది విని పక్క కణాలు తలుపులేసుకుంటాయి. ఈ మాయదారిది ముందు ఆ గంట జీన్ల నోరే నొక్కేస్తోంది. వాపు పుట్టించే జీన్లు మాత్రం గోలగోల చేస్తాయి. అందుకని మొదటి రోజుల్లోనే ఆ గంటని మనమే మందుతో మోగించాలి. వచ్చే వారం ఆస్పత్రిలో ట్రయల్.”

“అడ్డెవరు?”

“ఒక ఫారిన్ రింగ్, మందుల ముఠా. మన ట్రయల్ బెడిసికొడితే వాళ్ల మందు తప్ప లోకానికి దిక్కుండదు. ఆ చార్టు కోసం కుక్కల్లా తిరుగుతున్నారు. నువ్వొక దొంగ చార్టు తయారుచేసి వాళ్లకి చిక్కనియ్యి. అసలుది ఆస్పత్రికి చేర్చు.”

దొంగ చార్టు చెయ్యడం గుమాస్తాకి అరగంట పని. సోకిన ప్లేటు, శుభ్రమైన ప్లేటు పేర్లు తారుమారు చేశాడు, అంతే. ఇప్పుడది చూసినవాడికి సోకిన కణాల్లో గంట చెవులు పగిలేలా మోగుతున్నట్టు కనిపిస్తుంది. గంట ఆపే మందిస్తాడు. ఆ మందు పడిన రోగి సంగతి ఇక చెప్పక్కర్లేదు.

గాడ్జెట్ సెక్షన్ రెండు డిజిటల్ థర్మామీటర్లు ఇచ్చింది. నీలం బటన్ దాంట్లో అసలు చార్టు చిప్, ఎర్ర బటన్ దాంట్లో దొంగది. “ఇవి జ్వరం కూడా చూస్తాయి సార్,” అన్నాడు సెక్షన్ ఇంజనీరు గొప్పగా.

మర్నాడు పొద్దున్న గుమాస్తాకి గొంతు గరగరలాడింది. నడుము లాగింది. చెబితే పెద్దాయన మిషన్ ఇంకొకడికి ఇచ్చేస్తాడు. ఎన్నాళ్లకో వచ్చిన పెద్ద మిషన్! జేబులో రెండు థర్మామీటర్లు పెట్టుకుని, ఒక్కటి కూడా నోట్లో పెట్టుకోకుండా బయల్దేరాడు. ఇంత తెలివిగల ఏజెంటుని ఎక్కడా చూడం.

మార్కెట్ బిల్డింగ్ వెనక పార్కింగ్‌లో ఒకామె అతని కారు తలుపు తీసుకుని వచ్చి పక్కన కూర్చుంది.

“గొడుగు మర్చిపోయారా?”

“వాన వెలిసింది.”

ఆమెని దుబాసీ అనేవారు. దౌత్యవేత్తల మీటింగుల్లో ఒకళ్ల మాట ఇంకొకళ్లకి చెప్పడం ఆమె పని. చెవులకి ఆకుపచ్చ రాళ్ల దుద్దులు, ఎంతటివాణ్నయినా మాట మరిచిపోయేలా చేసే నవ్వు. రింగ్‌లో ఉంటూ మనకి పనిచేస్తోందని డిపార్ట్‌మెంట్ నమ్మకం, అందుకే దొంగ చార్టు ఆమె చేత పంపుతున్నారు. ఐదు భాషల్లో నిజం చెప్పేది. అబద్ధం ఏ భాషలో చెబుతుందో ఎవరూ కనుక్కోలేదు.

కారులో ఏసీ చల్లగా తగిలి గుమాస్తాకి వణుకొచ్చింది. “ఒక్క నిమిషం,” అని సీటుకి తల ఆన్చాడు. కళ్లు తెరిచేసరికి పది నిమిషాలు గడిచిపోయాయి. దుబాసీ అలాగే కూర్చుని ఉంది.

“అలిసిపోయారు పాపం,” అంది. ఎర్ర బటన్ థర్మామీటర్ తీసుకుని వెళ్లిపోయింది. నీలందాన్ని అతను ఆస్పత్రిలో అప్పజెప్పాడు. రిపోర్టులో అన్నీ రాశాడు, ఆ పది నిమిషాలు తప్ప.

ఇంటికెళితే అక్క మెడ మీద చెయ్యి వేసి చూసింది. “ఒళ్లు కాలిపోతోంది కదరా!”

“ఎండలో తిరిగాను అక్కా. ఏం లేదు.”

ఆమె కుట్టుమిషన్ ఆపి, తడిగుడ్డ వేస్తూ పక్కనే కూర్చుంది. అతని జ్వరం రెండు రోజుల్లో పోయింది. ఐదో రోజు అక్కకి ఆయాసం మొదలై ఆస్పత్రిలో చేరింది.

ఆరో రోజు పొద్దున వార్డు డాక్టరు కాగితం చేతికిచ్చి, “ట్రయల్‌లో మొదటి డోసు మీ అక్కగారికే. సాయంత్రం నాలుక్కి,” అంది. గుమాస్తా సంతకం పెట్టాడు. జబ్బు తెచ్చిందీ తనే, సంతకం పెట్టిందీ తనే. మందయినా మంచిది దొరుకుతోంది, అని సర్దిచెప్పుకున్నాడు.

మధ్యాహ్నం మూడున్నరకి పెద్దాయన గదిలో అభినందనలు. “శభాష్! రింగ్ మొత్తం దొంగ చార్టు పట్టుకుని గంతులేస్తోందట. దుబాసీ కబురు పంపింది.” అంతలో గుమాస్తా ఫోన్ మోగింది.

ల్యాబ్ టెక్నీషియన్. ఇరవై ఏళ్లుగా కణాలు పెంచుతున్న పెద్దావిడ, మందపాటి కళ్లద్దాలు, అంతకంటే మందపాటి కోపం.

“ఏమయ్యా, నా పరువు తీశావు కదా!”

“ఏమైందమ్మా?”

“ఇందాక రక్తం శాంపిల్స్ కోసం ఆస్పత్రికి వెళ్లాను. గోడకి నా చార్టు అంటించారు. సోకిన ప్లేటు తొమ్మిదింపావుకి తీశానట, శుభ్రమైనది పదింటికట! ఎప్పుడైనా ముందు శుభ్రమైన ప్లేటే తీస్తాం. ఆ తర్వాతే సోకింది. వైరస్ ముట్టుకున్న గ్లవ్స్‌తో శుభ్రమైనదాన్ని పాడుచేసేంత దద్దమ్మలా కనిపిస్తున్నానా? ఎవరయ్యా రాసింది?”

గుమాస్తా కుర్చీలోంచి లేచాడు. రాసింది తనే. పేర్లు మార్చాడు గానీ టైములు మార్చాలని తోచలేదు, ల్యాబ్ పద్ధతి తెలిస్తేగా! అంటే ఆస్పత్రి గోడ మీదున్నది దొంగ చార్టు. ఆ పది నిమిషాల్లో దుబాసీ చిప్పులు మార్చేసింది.

“ఆ కణాల ట్యూబులున్న ఫ్రీజర్ దగ్గరే ఉండండమ్మా. మళ్లీ ఫోన్ చేస్తాను.”

వార్డుకి ఫోన్ కొట్టాడు. “డాక్టరుగారు బిజీగా ఉన్నారండీ,” అంది అవతల గొంతు, తియ్యగా. లైను కట్టయింది. ఆ గొంతు అతనికి బాగా తెలుసు.

ఆస్పత్రి రెండు వీధుల అవతల. లిఫ్టు కోసం ఆగలేదు, కారు కోసం చూడలేదు, పరిగెత్తాడు. పరిగెడుతున్నంతసేపూ ఒకటే మాట: చెప్పి ఉండాల్సింది, ఆ రోజే చెప్పి ఉండాల్సింది.

మూడు యాభై ఎనిమిదికి వార్డు అద్దం దగ్గరికి చేరాడు. లోపల మంచం మీద అక్క. ఆమె జబ్బ మీద నర్సు స్పిరిట్ రాస్తోంది. డాక్టరు చేతిలో సిరంజి. పక్కనే మాస్కులో, ఆకుపచ్చ దుద్దులతో దుబాసీ. ట్రయల్ చూడటానికి వచ్చే విదేశీ నిపుణులకి అనువాదకురాలట, మెడలో బ్యాడ్జి కూడా ఉంది. దొంగ చార్టే వాడారని కళ్లారా చూసి కబురు పంపడం ఆమె డ్యూటీ. గుమాస్తా ల్యాబ్ ఆవిడకి ఫోన్ కలిపి, స్పీకర్ ఆన్ చేసి, ఇంటర్‌కమ్ నొక్కాడు.

“ఆపండి! ఆ చార్టు తప్పు!”

“పేషెంట్ తమ్ముడండీ, ఇన్సూరెన్స్ గుమాస్తా,” అంది దుబాసీ జాలిగా. “పాపం, కంగారుపడుతున్నారు.”

డాక్టరు తలూపి సూది దించబోయింది. ఇన్సూరెన్స్ గుమాస్తా మాట విని ఏ డాక్టరు మాత్రం ట్రయల్ ఆపుతుంది? పదకొండేళ్లు దాచుకున్నది గుమాస్తా ఆ అద్దం ముందు విప్పేశాడు.

“నేను గుమాస్తాని కాదు. సీక్రెట్ సర్వీస్. ఆ దొంగ చార్టు నేనే చేశాను. నాకు జ్వరం వచ్చింది, దాచాను. డ్యూటీలో నిద్రపోయాను. ఆ నిద్రలో ఈవిడ చిప్పులు మార్చింది. ఆ జ్వరమే ఇంటికి పట్టుకెళ్లి మా అక్కకి అంటించాను. తప్పంతా నాది డాక్టర్! ల్యాబ్ ఆవిడ లైన్లో ఉంది, అడగండి.”

స్పీకర్లో పెద్దావిడ గొంతు ఖంగుమంది. “ట్యూబుల మీద నా చేతిరాత చదువుతున్నా, వినండి. శుభ్రమైనది, తొమ్మిదింపావు. సోకింది, పది. మీ గోడ మీద ఏముంది?”

డాక్టరు గోడకేసి చూసింది. సూది అక్క చర్మానికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. గడియారం నాలుగు చూపించింది.

దుబాసీ అప్పటికే బయటి దారి పట్టింది. కానీ ఆ వార్డుకి రెండు తలుపులు. ఒకటి మూసుకుంటే గానీ రెండోది తెరుచుకోదు. ఆమె మధ్య గదిలోకి వచ్చేదాకా ఆగి గుమాస్తా ఎమర్జెన్సీ లాక్ కొట్టాడు. చిక్కుకుపోయి, అద్దంలోంచి అతన్ని చూసి నవ్వింది. ఆ నవ్వు మధ్యలో దగ్గొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. కారులో పది నిమిషాలు అతని పక్కనే కూర్చున్న ఫలితం. ఆవిడా ఎవరికీ చెప్పలేదు మరి.

అసలు చిప్ ఎడమ దుద్దు రాయి కింద దొరికింది. నాలుగూ నలభైకి అక్కకి సరైన మందు పడింది.

గుమాస్తా ఈసారి రిపోర్టులో పది నిమిషాలూ రాశాడు, జ్వరమూ రాశాడు. పెద్దాయన చదివి మూడు నెలలు సస్పెండ్ చేశాడు. తక్కువే చేశారు సార్, అనిపించింది అతనికి.

పన్నెండో రోజున అక్క ఇంటికొచ్చింది. కుట్టుమిషన్ ముందు కూర్చుంది గానీ తొక్కే ఓపిక లేదు. గుమాస్తా నేల మీద కూర్చుని తల వంచుకున్నాడు.

“నన్ను తిట్టు అక్కా. నాలుగు కొట్టినా సరే.”

“ఇన్సూరెన్స్ ఆఫీసుకి మూడు రకాల మీసాలెందుకురా అని ఏడాది నుంచీ అడుగుదామనుకుంటున్నా,” అంది అక్క. “బట్టలు ఉతికేది నేను కదా, జేబులు చూడనా?”

“తెలుసా నీకు?”

“ఉద్యోగం దాచుకో, నాకేం. జ్వరం దాచకు. చచ్చేదాన్ని కదరా.”

అతను ఏడ్చాడు. ఆమె తల నిమిరింది. ఆమె క్షమించేసినట్టే ఉంది గానీ అతనికే తనను తాను క్షమించుకోవడం చేతకాలేదు.

మూడు నెలలు నిండిన రోజు పొద్దున్నే ఫోన్ మోగింది. అక్కే ఎత్తింది.

“గుమాస్తా ఉన్నాడా అమ్మా? ఒంట్లో బాగుందా అతనికి?” అన్నాడు పెద్దాయన.

అక్క తమ్ముడికేసి చూసింది. అతని నోట్లో, ఆస్పత్రి వాళ్లు తిరిగిచ్చిన నీలం బటన్ థర్మామీటర్ ఉంది.

“రెండు నిమిషాలు ఆగి చెయ్యండి బాబూ,” అంది. “దేశం ఆగుతుంది గానీ, ఇది కూతపెట్టేదాకా నేను తియ్యనివ్వను.”